సందులో కుర్రాళ్లు, గోడ అవతల పాటలు: ఇంగ్లండ్‌లో ఫిర్యాదు ఎవరికి, ఎలా చేయాలి

ముందు వీసా భయం తీర్చేసుకుందాం. మీ ప్రశ్నలో అసలు ముడి అక్కడే ఉంది, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయి.

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. టెర్రస్ ఇంట్లో, అంటే గోడకు గోడ ఆనుకుని వరుసగా కట్టిన ఇళ్లలో ఒకదాంట్లో, అద్దెకు దిగి ఎనిమిది నెలలైంది. ఇంటి పక్క సందులో సాయంత్రమైతే పది పన్నెండు మంది కుర్రాళ్లు చేరతారు, కంచె తన్నుతారు, ఫుట్‌పాత్ మీదే ఎలక్ట్రిక్ బైకులు తోలుతారు, రెండుసార్లు కిటికీ మీద గుడ్లు విసిరారు. అది చాలదన్నట్టు గోడ అవతలి ఇంట్లో శుక్ర, శనివారాలు రాత్రి రెండింటి దాకా పాటలు. అత్యవసరం కానివాటికి పోలీసులు పెట్టిన 101కి రెండుసార్లు ఫోన్ చేస్తే అరగంట పైన లైన్లో ఉంచి, ఒక ఫిర్యాదు నంబరిచ్చి ఊరుకున్నారు. చీకటి పడ్డాక మీ ఆవిడ పాపను తీసుకుని బయటికి రావడమే మానేసింది. స్నేహితుడేమో ‘వీసా మీద ఉన్నాం, పోలీసుల జోలికెందుకు’ అన్నాడు. ఇల్లు మారిపోవాలా అని అడుగుతున్నారు.

ఫిర్యాదు చేసినవాడు బాధితుడు, లేదంటే సాక్షి. దానివల్ల మీ మీద ఏ రికార్డూ పుట్టదు. వీసా పొడిగింపు ఫారంలోనూ ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాసం) ఫారంలోనూ అడిగేది మీ మీద పడ్డ శిక్షలు, కాషన్లు (పోలీసుల అధికారిక హెచ్చరికలు), జరిమానాల గురించి. మీరు ఎవరి మీద ఎన్నిసార్లు ఫిర్యాదు చేశారన్నది ఎక్కడా అడగరు. నేను 2006లో వర్క్ పర్మిట్ మీద మిడ్‌లాండ్స్‌లో ఒక పట్టణానికి వచ్చాను. పౌరసత్వం వచ్చేనాటికి నా పేరున పోలీసుల దగ్గర ఇరవైకి పైగా ఫిర్యాదు నంబర్లున్నాయి, ఒక్కటీ అడ్డు రాలేదు. వీసాకి నిజంగా ముప్పు తెచ్చేది ఇంకొకటి ఉంది. ఒళ్లు మండి క్రికెట్ బ్యాటు పట్టుకుని సందులోకి దిగడం. ఆ మరుక్షణం నిందితులు మీరైపోతారు, అవతల ఉన్నది మైనర్లు. మా వీధిలో ఒకాయన ఒక కుర్రాడి సైకిలు లాక్కున్నాడు, అంతే. సాయంత్రానికి పోలీసులు వచ్చింది ఆయన ఇంటికి.

ఇక రెండో సంగతి. మీరు రెండు వేరువేరు తలనొప్పులను ఒకే మూటగట్టి 101కి అప్పజెప్పారు. సందులో గొడవ పోలీసుల పని. గోడ అవతల పాటలు కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) పని, అందులోనూ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అనే విభాగం పని. పాటల గురించి పోలీసులకు చెప్తే మర్యాదగా విని పక్కన పెడతారు. వాళ్ల తప్పేం లేదు, ఆ అధికారం వాళ్లది కాదు. చెత్త గుట్టలు, వదిలేసిన కార్లు, వెలగని వీధి దీపాలు కూడా కౌన్సిల్‌వే. దీపం అంటే గుర్తొచ్చింది, మీ సందులో లైటు వెలుగుతోందా? వెలగకపోతే ఈ రోజే కౌన్సిల్ వెబ్‌సైట్లో పెట్టండి. పోయిన ఒక్క బల్బు మార్చగానే సగం మంది వేరే మూల వెతుక్కున్న సందులు నేను చూశాను.

ఇక్కడ ఇలాంటి వాటన్నిటినీ కలిపి యాంటీ సోషల్ బిహేవియర్ అంటారు, పొట్టిగా ఏఎస్‌బీ. ఇంగ్లండ్, వేల్స్‌లకు దీని మీద 2014లో ఒక చట్టం వచ్చింది. స్కాట్లాండ్‌ది వేరే దారి, అక్కడ 2004 చట్టం నడుస్తుంది కాబట్టి అక్కడివాళ్లు ఈ సమాధానాన్ని యథాతథంగా పట్టుకోవద్దు. 2014 చట్టంలో మూడు మాటలున్నాయి: హరాస్‌మెంట్, అలారం, డిస్ట్రెస్. వేధింపు, బెదురు, మనోవేదన. ఎవరి ప్రవర్తనైనా వీటిలో ఏ ఒక్కటి కలిగించినా, కలిగించేలా ఉన్నా అది ఏఎస్‌బీ. ఇంట్లో ఉండేవాళ్లకు ఆ ఇంట్లో ఉండటమే ఇబ్బందిగా చేసే ప్రవర్తన కూడా ఇందులోకే వస్తుంది. ఫోన్లో గానీ ఫారంలో గానీ ఈ మూడు మాటల్లో మీకు వర్తించేది వాడండి. ‘పిల్లలు అల్లరి చేస్తున్నారు’ అంటే ఆపరేటర్ ఒక పెట్టెలో వేస్తారు. ‘కంచె తన్నుతున్నారు, నా భార్య భయపడి ఎనిమిది వారాలుగా సాయంత్రం బయటికి రావడం లేదు’ అంటే ఇంకో పెట్టెలో వేస్తారు. రెండూ నిజమే. రెండోదే పనికొస్తుంది.

అలాగని అన్నిటికీ ఫిర్యాదు చేయకండి. సందులో కుర్రాళ్లు ఊరికే నిలబడి మాట్లాడుకోవడం, వీధిలో బంతాట, పక్కింటి పసిపాప ఏడుపు, మేడ మీద నడిచే చప్పుడు, ఏడాదికోసారి పుట్టినరోజు పార్టీ, వీటికి ఎవరూ ఏం చేయరు, చేయకూడదు కూడా. హుడీ వేసుకున్న పదిహేనేళ్లవాడు గోడకానుకుని నిలబడితే మనకు బెదురు పుట్టవచ్చు, కానీ వాడేం తప్పు చేశాడన్నది వేరే ప్రశ్న. పనికిమాలిన ఫిర్యాదులు నాలుగు పోగైతే అసలైన ఐదోది వచ్చినప్పుడు మీ మాటకి బరువుండదు.

999, 101 తేడా మీకు తెలిసే ఉంటుంది. కానీ మనవాళ్లు 999కి చేయడానికి మరీ మొహమాటపడతారు. ఎవరి ఒంటికైనా ప్రమాదముంటే, బెదిరిస్తుంటే, నేరం మీ కళ్ల ముందు జరుగుతుంటే, చేసినవాడు ఇంకా అక్కడే ఉంటే 999. తలుపు బాదుతుంటే 101కి చేసి పాట వింటూ కూర్చోవద్దు. మాట్లాడే వీలు లేకపోతే మొబైల్ నుంచి 999 కొట్టి, అడిగినప్పుడు 55 నొక్కండి, కాల్ పోలీసులకు వెళ్తుంది. ఇంగ్లీషులో తడబడతామనే భయం మీ ఆవిడకి ఉంటే, ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్’ అని అడగొచ్చని చెప్పి ఉంచండి.

జరిగిపోయినవాటికి 101 కూడా అక్కర్లేదు. పోలీసు వెబ్‌సైట్లో ఏఎస్‌బీ రిపోర్టు చేసే ఫారం ఉంటుంది. పది నిమిషాల పని, మీరు రాసింది మీ మాటల్లోనే రికార్డవుతుంది, నంబరు ఈమెయిల్‌కి వస్తుంది. 101లో అరగంట ఎదురుచూసి విసిగి పెట్టేసిన ఫోను ఫిర్యాదు కింద లెక్కలోకి రాదు. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వాలంటే క్రైమ్‌స్టాపర్స్ ఉంది, 0800 555 111. అది పోలీసు శాఖ కాదు, స్వచ్ఛంద సంస్థ. ఫలానా ఇంట్లో డ్రగ్స్ అమ్ముతున్నారు లాంటి వాటికి అది భేషుగ్గా పనిచేస్తుంది. కానీ మీ కంచె సంగతి దాని ద్వారా చెప్పకండి, మీ పేరు లేని ఫిర్యాదు రేపు మీ ఖాతాలో లెక్కకు రాదు.

లెక్క అని ఎందుకంటున్నానో చెప్పాలంటే నా కథ కొంత చెప్పాలి.

మా ఇంటి వెనక గ్యారేజీల వరుస ఉండేది. ఏడాదిన్నర పాటు అక్కడ రాత్రిళ్లు మంటలు, సీసాలు పగలగొట్టడం, గోడల మీద రాతలు. వీధిలో ఎవరిని కదిపినా ఇదే గోడు. పోలీసులు పట్టించుకోరని అందరం తిట్టుకునేవాళ్లం, నేనైతే ఇంకాస్త గట్టిగా. ఒకరోజు మా పేటకి కొత్తగా వచ్చిన పీసీఎస్‌ఓ ఇల్లిల్లూ తిరుగుతూ మా గుమ్మంలో ఆగింది. పీసీఎస్‌ఓ అంటే కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్, పూర్తిస్థాయి పోలీసు కాదు గానీ పేటలో కాలినడకన తిరిగేది వాళ్లే. నా దండకమంతా ఓపిగ్గా విని, చేతిలో ఉన్నది చూసి చెప్పింది: ఆర్నెల్లలో మీ వీధి నుంచి వచ్చినవి మూడు. అందులో రెండు నావి. మూడోది పార్కింగ్ గురించి. అరవై ఇళ్ల వీధి! ‘మా దృష్టిలో ఇది ప్రశాంతమైన వీధి’ అంది ఆవిడ, వెటకారం లేకుండా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఈసారి సీసాల చప్పుడు వల్ల కాదు. గస్తీ ఎక్కడ తిప్పాలో వాళ్లు నిర్ణయించేది నమోదైన లెక్కను బట్టే. మనం వాట్సాప్ గ్రూపులో వెళ్లగక్కిన ఆక్రోశం ఆ లెక్కలోకి ఎక్కదు. పక్కింటివాళ్లు చేసే ఉంటారులే అని ప్రతి ఇంటివాళ్లూ అనుకున్నారు, ఎవరూ చేయలేదు. మర్నాటి నుంచి పదకొండు ఇళ్లవాళ్లం ఒక ఒప్పందానికి వచ్చాం: ఏదైనా జరిగితే చూసిన ప్రతివాళ్లూ వేరువేరుగా ఫారం నింపాలి, ఒకరి తరఫున ఇంకొకరు కాదు. ఆరు వారాల్లో నలభై దాకా పోగయ్యాయి. ఏడో వారంలో వ్యాన్ వచ్చి గ్యారేజీల దగ్గర ఆగింది.

కాబట్టి ఒక డైరీ పెట్టండి. మామూలు నోట్‌బుక్ చాలు. కాకపోతే రాసే తీరు ఒకటుంది. మొదట్లో నా డైరీ ఇలా ఉండేది: ‘మళ్లీ రాత్రంతా గోల. భరించలేకపోతున్నాం. ఎవరికీ పట్టదు.’ మూడు వాక్యాల్లో ఒక్క సాక్ష్యం లేదు. తర్వాత ఇలా మారింది:

‘మార్చి 14, శుక్రవారం. రాత్రి 9:40 నుంచి 10:25. సందు మొదట్లో, మా కంచె పక్కన. ఎనిమిది మంది, 14 నుంచి 17 ఏళ్లుండొచ్చు. ఒకడిది నల్ల జాకెట్, ఎడమ చేతి మీద తెల్ల చార, ఆకుపచ్చ ఎలక్ట్రిక్ బైకు, నంబరు ప్లేటు లేదు. వాడే కంచెను నాలుగుసార్లు తన్నాడు. ఒక పలక విరిగింది, ఫోటో తీశాను. పిల్ల లేచి ఏడ్చింది, వెనక గదిలోకి మార్చాం. 11వ నంబరింటాయన కిటికీలోంచి చూశాడు. 10:40కి ఆన్‌లైన్లో రిపోర్టు చేశాను, నంబరు ఇది.’

ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, మీ మీద ఏం ప్రభావం పడింది, ఎవరు చూశారు, ఏ నంబరు. అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయేది ప్రభావం. పిల్ల లేచింది, మర్నాడు పనికి ఆలస్యమైంది, మందుల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, ఇవన్నీ రాయండి. అదే రాత్రి రాయండి. వారం తర్వాత గుర్తుచేసుకుని ఒకే పెన్నుతో పది రోజులవి గీకితే చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పోలీస్ డాట్ యూకే వెబ్‌సైట్లో మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ పేటకి ఎవరి బృందమో, వాళ్లను ఎలా సంప్రదించాలో, తర్వాతి మీటింగ్ ఎప్పుడో చూపిస్తుంది. ఆ బృందానికి మీ నంబర్లన్నీ ఒకచోట పెట్టి ఈమెయిల్ చేయండి. కంట్రోల్ రూములో ఫోనెత్తిన మనిషికి మీరెవరో తెలీదు. పేట బృందానికి తెలియాలి.

గుడ్ల సంగతికి వస్తాను. అక్కడ మీరు ఒక వాక్యం రాసి వెంటనే దాటేశారు: ‘ఏదో మన రంగు గురించి కూడా అరిచారు, పోనీలెండి.’ పోనివ్వకండి. మొత్తం ప్రశ్నలో అన్నిటికన్నా బరువైన వాక్యం అదే. జాతి, మతం, వైకల్యం, లైంగికత, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు, ఈ ఐదింటిలో దేని మీద ద్వేషంతోనైనా జరిగిందని బాధితుడికి గానీ చూసినవాళ్లకు గానీ అనిపిస్తే పోలీసులు దాన్ని ఆ కోణంలో చూడాలి. మీరు రుజువు చేయనక్కర్లేదు, అలా అనిపించిందని చెప్పడం చాలు. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి బస్ స్టాపు దగ్గర హత్య చేశారు. ఆ దర్యాప్తు నడిచిన తీరు మీద 1999లో వచ్చిన మ్యాక్‌ఫర్సన్ నివేదిక తర్వాతే ఈ పద్ధతి స్థిరపడింది. 1998 చట్టం ప్రకారం బెదిరింపు, దాడి, ఆస్తి ధ్వంసం లాంటి నేరాలకు జాతి ద్వేషం తోడైతే శిక్ష పెరుగుతుంది. అన్న మాటను అన్నట్టుగా, బూతైనా సరే, అక్షరం మార్చకుండా రాయండి. మనం సిగ్గుపడి ‘చెడ్డ మాట అన్నారు’ అని రాస్తాం, దాంతో సగం కేసు ఆవిరైపోతుంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలనిపించకపోతే ట్రూ విజన్ అనే వెబ్‌సైట్లోనూ రిపోర్టు చేయొచ్చు.

ఆ ఎలక్ట్రిక్ బైకుల గురించి ఒక మాట. చట్టం దృష్టిలో ఎలక్ట్రిక్ సైకిలంటే 250 వాట్ల మోటారు, గంటకు 15.5 మైళ్లు దాటగానే ఆగిపోయే సాయం, తోలేవాడికి 14 ఏళ్లు. ఇది దాటితే అది మోటారు వాహనమే. లైసెన్సు, ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కితే పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు. జనాన్ని బెదరగొట్టేలా తోలే వాహనాలను పట్టుకునే అధికారం 2002 నాటి పోలీస్ రిఫార్మ్ చట్టం 59వ సెక్షన్‌లో కూడా ఉంది. వాళ్ల వెంట మీరు పరిగెత్తొద్దు, నిజానికి పోలీసులే అన్నిసార్లూ వెంటాడరు. ఏ బైకు ఏ ఇంటి గేటులోకి వెళ్తుందో గమనించి చెప్తే చాలు. మా పేటలో దొరికిన బైకుల్లో ఎక్కువ ఇంటి పెరట్లో దొరికినవే.

ఇక గోడ అవతల పాటలు. ఇక్కడ మాత్రం ఫిర్యాదుకి ముందు ఒకసారి మాట్లాడమంటాను. పట్టపగలు, పాటలు లేని వేళ, ఒంటరిగా, రెండు నిమిషాలు. ‘గోడ పల్చగా ఉంది, పాపకి నిద్ర పట్టడం లేదు, పదకొండు తర్వాత బేస్ తగ్గించగలరా’ అంటే చాలు. టెర్రస్ ఇళ్లలో తమ పాట అవతలికి ఎంత వినిపిస్తుందో నిజంగానే తెలియనివాళ్లు చాలామంది. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు? కానీ వాళ్లు తాగి ఉంటారనో, తగవు పెట్టుకునే రకమనో మీకనిపిస్తే ఈ మెట్టు దాటేయండి, మాట్లాడి తీరాలన్న నియమమేం లేదు. వెళ్తే ఆ తేదీ కూడా డైరీలో రాయండి.

తగ్గకపోతే కౌన్సిల్. 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ చట్టం కింద శబ్దం ఫిర్యాదు వస్తే కౌన్సిల్ విచారించాల్సిందే, అది వాళ్ల బాధ్యత. మామూలుగా ముందు మీ చేత కొన్ని వారాలు లాగ్ షీట్ నింపిస్తారు, లేదా ఫోన్ యాప్‌తో రికార్డు చేయమంటారు, అవసరమైతే మీ ఇంట్లో మీటరు పెడతారు. స్టాట్యుటరీ న్యూసెన్స్, అంటే చట్టం ఒప్పుకోని స్థాయి ఇబ్బంది, అని తేలితే అబేట్‌మెంట్ నోటీసు ఇస్తారు, అంటే ఆపమని ఆదేశం. నోటీసును ఖాతరు చేయకపోతే నేరమే, సౌండ్ సిస్టమ్‌ను పట్టుకుపోవచ్చు కూడా. రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా శబ్దానికి 1996 చట్టం డెసిబెల్స్‌లో విడిగా హద్దులు పెట్టింది. ఆ ఇల్లు హౌసింగ్ అసోసియేషన్‌దో (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే, లాభాపేక్ష లేని సంస్థ) కౌన్సిల్‌దో అయితే ఇంటి యజమాని సంస్థకూ రాయండి. అద్దె ఒప్పందంలో ఇరుగుపొరుగును వేధించకూడదనే షరతు ఉంటుంది, దాని పేరు చెప్తే చాలామంది దారికొస్తారు. ఒక మెలిక ఉంది: వీధిలో కుర్రాళ్ల అరుపులు ఆ 1990 చట్టం కిందికి రావు. వీధిలో దానికి చిక్కేది వాహనాలు, యంత్రాలు, స్పీకర్ల శబ్దమే. అందుకే సందునీ గోడనీ విడదీయమన్నది.

ఈ చట్టం మన వాయింపుడికీ అంతే వర్తిస్తుందని ఇక్కడే చెప్పుకోవాలి. మొన్నొక తెలుగువారింట్లో గృహప్రవేశం రాత్రి ఒంటిగంటకు ముగిసింది. కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చిందని ఆయన నా దగ్గరికే సలహాకొచ్చాడు.

పోలీసులు, కౌన్సిల్ నిజంగా ఏం చేయగలరు? అరెస్టులు ఊహించుకోకండి. మెట్లు మెట్లుగా పోతుంది. మొదట ఇంటికెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడతారు, హెచ్చరిక ఉత్తరం ఇస్తారు. చాలా గొడవలు అక్కడే చల్లారతాయి, నమ్మండి. తర్వాత ఒప్పంద పత్రం, ఇలా చేయనని కుర్రాడి చేత సంతకం. గస్తీ పోలీసు గుంపును అక్కడినుంచి పొమ్మని 48 గంటల వరకు మళ్లీ రావొద్దని ఆదేశించవచ్చు. పదహారేళ్ల లోపు పిల్లలైతే ఇంటికి తీసుకెళ్లి దింపవచ్చు. పదహారు నిండినవాళ్లు మానకపోతే ఆ పనులు ఆపమనే కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసు, దాని ముందు లిఖితపూర్వక హెచ్చరిక. ఇంకా ముదిరితే కోర్టు ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే ఆదేశం), అది పదేళ్లు నిండిన ఎవరిమీదైనా తెచ్చుకోవచ్చు. డ్రగ్స్ అడ్డాలాంటి ఇంటికైతే కోర్టు మూడు నెలల వరకు తాళం వేయించగలదు, పొడిగిస్తే మొత్తం ఆరు నెలలు. ప్రతి మెట్టుకీ వాళ్లకి కావలసింది మీ నంబర్లు, మీ డైరీ.

అయినా ఎవరూ కదలకపోతే? అప్పుడు తీయాల్సిన అస్త్రం ఒకటుంది. చాలామందికి దాని పేరే తెలీదు, ఎవరూ మీకు పనిగట్టుకుని చెప్పరు కూడా. ఏఎస్‌బీ కేస్ రివ్యూ. పాత పేరు కమ్యూనిటీ ట్రిగర్. ఆర్నెల్లలో మూడు ఫిర్యాదులు చేసి ఉంటే కేసును మళ్లీ తిరగదోడమని అడిగే హక్కు మీకుంది. ఈ మూడు అన్న హద్దును ఒక్కో ప్రాంతం తగ్గించుకోవచ్చు గానీ పెంచడానికి వీల్లేదు. ఒక్కో ఫిర్యాదూ సంఘటన జరిగిన నెలలోపు చేసిందై ఉండాలి. అడిగితే కౌన్సిల్, పోలీసు, ఆరోగ్య సేవ, హౌసింగ్ అసోసియేషన్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఇప్పటిదాకా ఎవరేం చేశారో చూసి, ఇకపై ఏం చేయాలో మీకు రాతపూర్వకంగా చెప్పాలి. మీ అనుమతితో మీ తరఫున కౌన్సిలర్ గానీ స్నేహితుడు గానీ అడగొచ్చు. కౌన్సిల్ వెబ్‌సైట్లో ఆ పేరుతో వెతికితే ఫారం దొరుకుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇది సరిగ్గా అలాంటిదే.

ఇది ఊరికే పుట్టలేదు. 2007లో లెస్టర్‌షైర్‌లో ఒక తల్లి, వికలాంగురాలైన తన కూతురితో సహా ప్రాణాలు తీసుకుంది. ఏళ్ల తరబడి కుర్రాళ్ల గుంపు ఆ ఇంటిని వేధించింది. ఆమె పోలీసులకు 33 సార్లు చెప్పుకుంది. ప్రతి కాల్‌నీ దేనికది విడి చిన్న గొడవగా చూశారే తప్ప, ఇది ఒకే ఇంటి మీద జరుగుతున్న వేధింపని అన్నీ కలిపి చూసినవాళ్లు లేరు. పోలీసులు, కౌన్సిళ్ల వైఫల్యం కూడా ఆ చావులకు కారణమని 2009 ఇన్‌క్వెస్టులో (మరణ కారణాల విచారణలో) జ్యూరీ తేల్చింది. అందుకే ప్రతి కొత్త ఫారంలో మొదటి వాక్యంగా ‘ఇది ఇన్నో ఫిర్యాదు, పాత నంబర్లు ఇవి’ అని రాయమంటాను. కలిపి చూసే పని వాళ్లకు వదిలేయకుండా మీరే కలిపి ఇవ్వండి. మీ ఆవిడ భయం గురించి, పాప గురించి కూడా రాయండి. ఇంట్లో పసిపిల్లలు, వికలాంగులు, వృద్ధులు ఉంటే ప్రమాదం అంచనా మారుతుంది.

డోర్‌బెల్ కెమెరా పెట్టుకోవచ్చా అని చివర్లో అడిగారు. పెట్టుకోండి, లాండ్‌లార్డ్‌ను అడిగి. మీ గుమ్మం, మీ కంచె వరకు చూసేలా తిప్పండి. మీ హద్దు దాటి వీధినో పక్కింటినో రికార్డు చేస్తే డేటా ప్రొటెక్షన్ నియమాలు మీకూ వర్తిస్తాయి, కెమెరా ఉందని బోర్డు పెట్టాలి. ఆడియో ఆపేయడం మేలు. 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో ఇలాంటి కెమెరాల మీద పొరుగావిడ దావా వేసి గెలిచింది, దూరాన మాట్లాడుకునే మాటలు కూడా పట్టేస్తున్నాయన్నది జడ్జి చెప్పిన తప్పుల్లో ఒకటి. ఫుటేజీ పోలీసులకే ఇవ్వండి. ఆ కుర్రాళ్ల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. మైనర్ల ముఖాలు పెడితే కేసూ చెడుతుంది, మీ ఇంటి కిటికీలకూ మంచిది కాదు.

ఇల్లు మారాలా అన్నది నేను చెప్పలేను. ఇల్లు వదలాలంటే ఎంత ముందుగా నోటీసివ్వాలో చూసుకోండి, ఏజెంటుకి ఇవన్నీ ఈమెయిల్లో రాసి ఉంచండి. విరిగిన కంచె బాగుచేయించాల్సిన బాధ్యత ఎవరిదో అద్దె ఒప్పందంలో ఉంటుంది. మీరు అద్దెకున్నారు కాబట్టి ఒక చిక్కు తప్పింది. సొంతింటివాళ్లు ఇల్లు అమ్మేటప్పుడు నింపే ఫారంలో ఇరుగుపొరుగు తగాదాలు, ఫిర్యాదులు ఉంటే చెప్పాలి. అందుకని ధర పడిపోతుందని కొందరు నోరు మూసుకుని ఏళ్లు గడుపుతారు. నా మటుకు నాకది తెలివైన పనిగా తోచలేదు, కానీ వాళ్ల భయం అబద్ధం కాదు.

మీవి ఇప్పటికి రెండు కాల్స్. నంబర్లు దొరికితే వెతికి తీయండి. మొన్నటి గుడ్లు జరిగి నెల కాలేదంటున్నారు కాబట్టి ఈ రాత్రే ఆన్‌లైన్లో దాన్ని నమోదు చేయండి, అరిచిన మాటతో సహా. అదే మూడోది. పాటల లాగ్ ఈ శుక్రవారం నుంచి మొదలుపెట్టండి. సందు అవతలి ఇళ్లలో మీకు ముఖపరిచయం ఉన్న ఒక్కరి తలుపైనా ఈ వారాంతంలో తట్టి, వాళ్లు ఎన్నిసార్లు రిపోర్టు చేశారో అడగండి. సున్నా అంటారని నా పందెం. మూడో నంబరు వచ్చాక ఇక్కడ చెప్పండి, కేస్ రివ్యూ ఉత్తరం నేను కూర్చుని రాసిపెడతాను.